శుభ్రం మేస్త్రి కడిగిన కూలర్

వీధి చివర కార్ల షెడ్డు నడిపే ఆ మెకానిక్‌ని అందరూ శుభ్రం మేస్త్రి అనేవారు. ఆయన చేతిలో పానాకి కూడా పనికి ముందొకసారి, పనయ్యాక ఒకసారి స్నానం జరగాల్సిందే. "ఆ శ్రద్ధలో పావు వంతు నా గిన్నెల మీద పెట్టకూడదూ!" అని భార్య దెప్పితే నవ్వి ఊరుకునేవాడు. ఆయనకు ఒక్క అబద్ధమే చేతనయ్యేది. చిన్నప్పుడు కూతురు ఏం పగలగొట్టినా "అది నేనే" అంటూ భార్య ముందు దొంగలా నిలబడేవాడు. భార్య ఏనాడూ నమ్మలేదు. కూతురూ నమ్మలేదు.

ఆ కూతురు ఇప్పుడు పందెం కారు నడుపుతుంది. తుక్కు కింద వచ్చిన పాత బండిని తండ్రీకూతుళ్లు నాలుగేళ్లపాటు విప్పి, బిగించి, ఇంజన్ బలాన్ని ఇంచుమించు రెట్టింపు చేశారు. ఆదివారం ట్రాక్ మీద ఆరు చుట్ల పోటీ. మొదటి ఇద్దరినీ ఒక పెద్ద జట్టు తీసుకుంటుంది. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది కాబట్టి ఇక మరో అవకాశం లేదు.

శుక్రవారం మేస్త్రి బుర్రలో పురుగు దూరింది. ఇంత బలం పెంచిన ఇంజన్‌లో నూనె సలసల కాగి పలచబడితే బేరింగుల గతేమిటి? నూనెను బయటికి తెచ్చి, గాలికి చల్లార్చి, మళ్లీ లోపలికి పంపే ఆయిల్ కూలర్ ఒకటి బిగించాలనుకున్నాడు.

"ఆరు చుట్లేగా నాన్నా! వేడెక్కేలోపే అయిపోతుంది."

"నువ్వూరుకోమ్మా. జాగ్రత్తపడితే పోయేదేముంది?"

కొత్తది రావడానికి వారం పడుతుంది. షెడ్డు అటక మీద పాతదొకటి ఉంది, రెండేళ్ల కిందట బేరింగులు నుగ్గయి చచ్చిన వేరే కారు ఇంజన్‌ది. అలాంటి కూలర్‌ని మళ్లీ వాడకూడదు. లోపలి సన్నటి దారుల్లో లోహపు రజను ఇరుక్కుని ఉంటుంది. ఈ సంగతి మేస్త్రికి తెలియక కాదు. కడగడం చేతకాని వాళ్లకోసం పెట్టిన నియమం అది అనుకున్నాడు, అంతే. మనిషికి ఎందులో పేరొస్తుందో అందులోనే కళ్లు మూసుకుపోతాయి.

శనివారమంతా పెట్రోలు పోసి ఊపడం, తెల్లగుడ్డ మీద ఒంపడం, వెలుతురులో పరీక్షగా చూడడం. పదకొండోసారికి గుడ్డ మీద మరక లేదు. అప్పుడు కూలర్‌ని రేడియేటర్ ముందు రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి, గొట్టాలు దేనికీ ఒరుసుకోకుండా కట్టాడు. ఫిల్టర్ దాటిన నూనె కూలర్‌లో చల్లారి, నేరుగా ఇంజన్‌లోకి వెళ్లేలా కలిపాడు. ఇంజన్ తిప్పి, ప్రతి అతుకు కిందా కాగితం పెట్టి చూశాడు. ఒక్క చుక్క కారలేదు. పాపం, భార్యను కూడా పిలిచి చూపించుకున్నాడు.

ఆదివారం మూడు చుట్లు కారు దూసుకుపోయింది. ఆమెది రెండో స్థానం. నాలుగో చుట్టులో, మలుపు దగ్గర, టకటకమని చిన్న చప్పుడు. జనానికి వినపడలేదు గానీ మేస్త్రికి వినపడింది. రెండేళ్ల కిందట విన్న చప్పుడే అది. చల్లటి పెట్రోలుకు కదలని రజను కాగిన నూనె తోపుకు కదిలి బేరింగులను తినేసింది. కారు అక్కడే ఆగిపోయింది. తాడే పామై కరిచింది. తెచ్చి కట్టిందీ ఆయనే.

సాయంత్రం షెడ్డులో కూలర్ విప్పి ఒంపాడు. అరచేతిలో నూనె రజనుతో తళతళ మెరిసింది. కూతురు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని టైరు మీద కూర్చుని ఉంది.

"మలుపులో గేరు తప్పుగా వేశాను నాన్నా. నా వల్లే పోయింది. ఇక నడపను."

"నీ వల్ల కాదు తల్లీ, నేనే! కూలర్‌లో పాత రజను మిగిలిపోయింది. చేతులారా నేనే పాడుచేశాను."

ఆమె జాలిగా నవ్వింది. "చిన్నప్పట్నుంచీ ఇదే మాట నీది. నువ్వు కడిగితే రజను మిగులుతుందా నాన్నా?"

నిజం చెప్పినా నమ్మించలేని ఆ దిక్కుమాలిన స్థితి ఏ తండ్రికీ రాకూడదు. "ఒట్టమ్మా, ఇదిగో చూడు" అంటూ చెయ్యి చాపాడు. ఆమె చూడకుండానే ఆ చేతిని తెల్లగుడ్డతో శుభ్రంగా తుడిచింది. తర్వాత నిచ్చెన వేసుకుని అటకెక్కి, కూలర్ ఉండే చోట హెల్మెట్ పెట్టేసి దిగింది.