కొండకు నిప్పంటుకున్న ఆదివారం

మా మామిడితోట ఆగిరిపల్లి వైపు ఒక కొండ కింద ఉంది. తోట ఉత్తరపు కంచె దాటితే అడవి శాఖ వాళ్ల జాగా. కొన్నేళ్ల క్రితం ఆ కొండను పార్కు చేశారు. పెద్ద హంగేమీ లేదు. ఒక గేటు, దాని పక్కన రేకుల గది, రాళ్లు పరిచిన కాలిబాట, దారిలో రెండుచోట్ల సిమెంటు బెంచీలు, కొన మీద ఇనుప కమ్మీలు కట్టిన వ్యూ పాయింటు. అక్కడ నిలబడితే మైలవరం రోడ్డు దాకా తోటలే కనిపిస్తాయి.

నేను ఆ గేటు మొదటిసారి దాటింది షుగరు వల్ల. రోజూ గంట నడవమన్నాడు డాక్టరు. తోటలో నడిస్తే ఎవరో ఒకరు పనిమీద పిలుస్తూనే ఉంటారు. అందుకని కొండెక్కాను. మొదటి వారం సగం దాకా వెళ్లి బెంచీ మీద కూలబడేదాన్ని. మూడో నెలకి కొన మీద కూర్చుని కలివి పండ్లు తింటున్నాను. పెళ్లయి వచ్చిన ఇరవై ఆరేళ్లలో ఆ కొండను మా తోటకి హద్దుగా చూశాను తప్ప, దాని మీద ఏముందో ఎప్పుడూ అడగలేదు.

గేటు దగ్గర ఒక వాచరు ఉండేవాడు. కింద పల్లెవాడే, అరవైకి దగ్గర పడ్డాడు. నేను బాబాయ్ అనేదాన్ని. ఆదివారాలు జనం ఎక్కువ వస్తారు, ఆయనొక్కడే. ఒకరోజు ప్లాస్టిక్ సీసాలు ఏరుతుంటే నేనూ వంగాను. ఆ తర్వాత నాలాంటివాళ్లం ఐదారుగురం కూడాం. దారికి అడ్డం పడ్డ కొమ్మలు నరకడం, కుండీల్లో నీళ్లు పోయడం, వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం. ఆదివారం పొద్దున పేర్ల పుస్తకం నా వంతు. ఎక్కినవాళ్ల పేరు రాయడం, దిగాక టిక్కు పెట్టడం. మా ఆయన నవ్వేవాడు, "సొంత తోటలో పని వదిలేసి గవర్నమెంటు కొండకి కాపలానా?" అని.

ఆ ఆదివారం మార్చి చివర్లో. కాయ నిమ్మకాయంత అయింది. మర్నాడు మందు కొట్టించాలి. చెట్ల కింద ఎండాకు మోకాల్లోతు ఉంది. మా తోటకి కూలీల్ని కూడగట్టుకొచ్చే ఆవిడ పొద్దున్నే వచ్చింది. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. నేను అక్కా అంటాను, ఆమె నన్ను అమ్మగారూ అంటుంది.

"ఆకంతా కంచె పక్కకి ఊడ్పించి తగలెట్టించక్కా," అన్నాను.

ఆమె చెట్ల కొనలకేసి చూసింది. "దచ్చినం గాలి ఎత్తుకుందండి. కొండ పక్కన ఇప్పుడెందుకు? రేపు తెల్లారగట్ల గాలి పడిపోయాక పెడదాం."

"రేపు పొద్దున్నే మందు కొట్టేవాళ్లు వస్తారు. ఇవాళే అయిపోవాలి."

"పోనీ మధ్యలో గొయ్యి తీయించి..."

"అంత టైం లేదక్కా. ఎప్పుడూ పెట్టేదేగా," అని స్కూటీ స్టార్ట్ చేశాను. పేర్ల పుస్తకానికి ఆలస్యమవుతోందని తొందర. ఆమె చీపురు తీసుకుని లోపలికి వెళ్లింది.

పది గంటలకి వాసన వచ్చింది. ముందు ఎవరో పొయ్యి వెలిగించారనుకున్నాను. బాబాయ్ గది వెనక్కి వెళ్లి అంతే వేగంగా తిరిగొచ్చాడు.

"దక్షిణం పక్క అంటుకుందమ్మా. బోదగడ్డి పట్టుకుంది."

దక్షిణం పక్క అంటే మా కంచె. ఆ మాట ఆయనతో అనలేదు. పుస్తకం తెరిచాను. ఆ పొద్దున పదకొండు మంది ఎక్కారు, తొమ్మిది టిక్కులున్నాయి. మిగిలింది ఇద్దరు. విజయవాడ నుంచి వచ్చిన భార్యాభర్తలు, పిట్టల్ని చూస్తామని బైనాక్యులర్స్ తెచ్చుకున్నారు. ఫోన్ నంబరు రాసి ఉంది. చేశాను. కొన మీద సిగ్నల్ ఉండదని నాకు తెలుసు, అయినా మూడుసార్లు చేశాను.

"నేనెక్కుతా," అన్నాడు బాబాయ్.

"నువ్వెక్కితే కింద మంటని ఎవరు ఆపుతారు? మంట రాకముందే గడ్డి కాల్చేసి ఎదురు నిప్పు పెట్టడం నీకొక్కడికే తెలుసు. నేనెళ్తాను."

"వద్దమ్మా. అది కొండ మీదకి మనిషికంటే తొందరగా ఎక్కుద్ది."

"మనం ఎక్కే తూర్పు దారికి ఇంకా రాలేదుగా. పావుగంటలో ఎక్కుతాను బాబాయ్."

ఆయన ఒక్క క్షణం పొగకేసి చూశాడు. తర్వాత తన తువ్వాలు కుండలో ముంచి నా మెడలో వేశాడు. "పైన నల్లబండ ఉంది చూడు, గడ్డి మొలవందీ, దాని మీద కూర్చోపెట్టు. నేను కేకేసేదాకా ఎవర్నీ దిగనివ్వకు. చచ్చినా దిగనివ్వకు."

రోజూ ఆగే రెండు బెంచీల దగ్గరా ఆగలేదు. సగం దారిలో ఎడమవైపు తునికి చెట్ల మధ్య నుంచి పొగ పాక్కుంటూ రావడం మొదలైంది. ఊపిరి అందడం లేదు. అడుగడుక్కీ ఒకటే లెక్క: నేను పెట్టించాను, నేనే పెట్టించాను.

వాళ్లిద్దరూ అప్పటికే దిగడం మొదలుపెట్టారు. ఆయనకి అరవై పైనే ఉంటాయి, ఆమె చేయి పట్టుకుని లాగుతున్నాడు. ఆమె చెప్పు తెగిపోయి కుంటుతోంది.

"దిగొద్దండీ! పైకి పదండి, బండ మీదకి!" అని అరిచాను.

"పైకా? మంట కింద నుంచి వస్తుంటే పైకి వెళ్లమంటారేంటి?"

"దారి పక్కన గడ్డి నడుమెత్తు ఉందండి. మధ్యలో చిక్కుకుంటే ఇక ఎటూ పోలేం. బండ మీద కాలడానికేం లేదు."

ఆయన నమ్మలేదు. నేను ఆయనకెవరిని? గేటు దగ్గర పేర్లు రాసుకున్న మనిషిని. ఆమె మాత్రం నా మొహంలోకి చూసి, "ఈవిడకి తెలుసండీ, పదండి," అని తిరిగింది. ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఆయన్ని బండ మీదకి తెచ్చాం.

బండ నడిమధ్యలో కూర్చున్నాం. బాబాయ్ తువ్వాలు చింపి మూడు ముక్కలు చేసి మొహాలకి కట్టుకున్నాం. ముందు చప్పుడు వచ్చింది, లారీలోంచి కంకర దింపుతున్నట్టు. తర్వాత వేడి. వీపు వైపు చీర ఇస్త్రీ పెట్టెలా అయింది. కుడివైపు గడ్డి ఒక్కసారిగా లేచింది. ఆయన కూడా లేచాడు.

"నేనుండను. నేనుండను," అంటూ దారివైపు పరుగెత్తబోయాడు. వెనక నుంచి చొక్కా పట్టుకున్నాను. చిరిగింది. నడుము పట్టుకున్నాను. "వదలండి! ఇక్కడే కాలిపోమంటారా?" అని మోచేత్తో నా దవడ మీద కొట్టాడు. వదల్లేదు. ఇద్దరం బండ మీద పడ్డాం. ఆయన భార్య వచ్చి ఆయన తల ఒళ్లోకి తీసుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "అయిపోయిందండీ, అయిపోయింది," అంటూ కూర్చుంది. అప్పటికేమీ అయిపోలేదు.

ఆయన పరుగెత్తబోయిన దారి రెండు నిమిషాల్లో పూర్తిగా మంటల్లోకి వెళ్లింది. ఆయన దాన్ని చూశాడు. పొదల్లోంచి ఒక ఉడుము బండ మీదకి వచ్చి, మాకు బారెడు దూరంలో ఆగిపోయింది. దానికీ మాకూ మధ్య ఆ పూట ఏ భయమూ లేదు.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. మంట రెండుగా చీలి బండకి అటూ ఇటూ పోయి, ఉత్తరం పక్క రాళ్ల గుట్టలో చల్లారింది. కింద నుంచి బాబాయ్ కేక వినపడ్డాక కూడా వెంటనే లేవలేకపోయాం. దిగేటప్పుడు చెప్పుల కింద నేల ఇంకా కాలుతోంది.

కింద గేటు దగ్గర మా తోట ఆడవాళ్లంతా ఉన్నారు. పచ్చి కొమ్మలు విరుచుకుని మంట మీద కొట్టి, గేటువైపు రాకుండా ఆపింది వాళ్లేనని బాబాయ్ చెప్పాడు. అందరి మొహాలూ మసి. అక్క కుడి చేయి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఎవరో దాని మీద తడిగుడ్డ కప్పారు. మా ఆయన కూడా వచ్చి ఉన్నాడు. నన్ను చూసి చేయి గట్టిగా పట్టుకున్నాడు, వదల్లేదు.

అడవి శాఖ రేంజి ఆఫీసరు జీపులో వచ్చింది. ముప్పై ఏళ్ల మనిషి. ముందు పైన చిక్కుకున్నవాళ్లకి నీళ్లిప్పించి, తర్వాత కంచె దాకా నడిచి చూసి వచ్చింది. చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. బూడిద మా కంచె దగ్గరే మొదలైంది.

"ఎవరు పెట్టారు నిప్పు?"

మా ఆయన నా చెవి దగ్గర, "నువ్వు నోరు తెరవకు. నేను మాట్లాడతా," అన్నాడు.

"నేనేనండి," అంది అక్క. "అగ్గిపుల్ల గీసింది నేనే."

"గాలి చూసుకోలేదా?"

అక్క తల దించుకుంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు తేలికయ్యేదేమో. ఆఫీసరు ఆమె పేరు, ఊరు అడిగి రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ రాసుకున్నంతసేపూ నేను మౌనంగానే ఉన్నాను. ఈ మాట దాచుకోవాలని లేదు. ఆమె ఇంటిపేరు, భర్త పేరు, ఊరి పేరు, మూడూ రాయడం అయిపోయింది. అప్పటికి గానీ నేను నోరు తెరవలేదు.

"ఆవిడ వద్దందండీ," అన్నాను. "గాలి ఉంది, రేపు పెడదామంది. నేనే వినలేదు. తోట మాది. పెట్టమన్నది నేను."

మా ఆయన చేయి వదిలేశాడు. బాబాయ్ నాకేసి చూసి మొహం తిప్పుకున్నాడు. అన్నిటికంటే అదే గుచ్చుకుంది. ఆఫీసరు రాసిన కాగితం కొట్టేసి ఇంకోటి తీసింది. "మళ్లీ మొదటి నుంచి చెప్పండి," అంది. చెప్పాను. కేసు నా పేరు మీద అయింది. తర్వాత ఆఫీసు చుట్టూ తిరగాల్సినంత తిరిగాను. అందులో కొత్త సంగతేమీ లేదు. చేసినదానికి తిరగడం.

అక్కని నూజివీడు ఆసుపత్రికి స్కూటీ మీద నేనే తీసుకెళ్లాను. కట్టు కట్టించుకుని బయటికొచ్చాక చెట్టు కింద నిలబడి అంది.

"మీరు చెప్పకపోతే నేను ఎవరితోనూ అనేదాన్ని కాదండి. కానీ మీ తోటలో మళ్లీ కాలు పెట్టేదాన్ని కాదు."

"ఇప్పుడు?"

"చెయ్యి మానాక చూద్దాం లెండి."

రెండు నెలలు రాలేదు. ఆ ఏడు కోతకి వేరే వాళ్లని పిలిస్తే సగం కాయ కింద రాల్చేశారు. జూన్ మొదట్లో ఒక పొద్దున తనే వచ్చి, కత్తిరింపుల పని ఎప్పుడని అడిగింది. చేతి మీద తోలు గులాబీ రంగులో మెరుస్తోంది. నేను ఆ చేతికేసే చూస్తుంటే కొంగు కప్పుకుంది.

పార్కు వానలు పడేదాకా మూసే ఉంచారు. తెరిచాక బాబాయ్ దగ్గరికి వెళ్లి, నేను మళ్లీ రావచ్చా అని అడిగాను. చాలాసేపు చుట్ట నలుపుతూ కూర్చున్నాడు. "ఆ ఇద్దర్నీ దింపింది నువ్వే," అన్నాడు చివరికి. "కొండని కాల్చింది కూడా నువ్వే. రెండూ గుర్తుపెట్టుకుని రా." వెళ్తున్నాను.

ఇప్పుడు సంక్రాంతి దాటగానే మా పని కొండ చుట్టూ ఫైర్ లైన్ కొట్టడం. నాలుగు బారల వెడల్పున గడ్డి చెక్కేసి నేల కనపడేలా చేయాలి. అది అయ్యాక నేను కొండ కింద ఉన్న తోటలన్నింటికీ వెళ్తాను. గాలి ఉన్నప్పుడు ఆకు తగలెట్టొద్దని, పెట్టే ముందు వాచరుకి ఫోన్ చేయమని చెప్పడానికి. ఊరికే చెబితే ఎవరూ వినరు. అందుకని మొదట ఆ ఆదివారం సంగతి చెబుతాను. కొందరు కుర్చీ వేస్తారు, కొందరు గేటు దగ్గర్నుంచే పంపేస్తారు.

మొన్న ఒక రైతు, మా బంధువుల్లో వరసకి బావ అవుతాడు, ఆకుకుప్ప పక్కనే నిలబడి అంతా విన్నాడు.

"ఎవరో ఆడమనిషి పెట్టించిందన్నారే గానీ నువ్వని నాకు తెలీదు," అన్నాడు.

"నేనే బావగారూ."

ఆయన కొండకేసి చూశాడు. తర్వాత పార పట్టుకున్నవాణ్ని పిలిచి, ముందు గొయ్యి తీయమన్నాడు. అది సగం లోతు అయ్యేదాకా నేనక్కడే నిలబడ్డాను.