ఒరిగినందుకు జీతం

ఆ రోజుల్లో నౌకరీ దొరకాలంటే మనిషిలో ఏదో ఒకటి పనికొచ్చేది ఉండాలి. చదువుకున్నవాడికి చదువు, బలమున్నవాడికి భుజం, ఏమీ లేనివాడికి మేనమామ. నాకు ఆ మూడూ లేవు. ఉన్నదల్లా బరువు. ఆ బరువు చూసే నాకు పనిచ్చారు. దాచేదేముంది, నా మొదటి ఉద్యోగం మోటార్‌సైకిల్ వెనక సీటు మీద కూర్చుని, మలుపు వచ్చినప్పుడు ఒక పక్కకు ఒరగడం. అంతే. (నవ్వేవాళ్లు నవ్వండి. మీరు నెలంతా ఏం చేస్తారో ఒక్క ముక్కలో చెప్పి చూడండి, అప్పుడు నేనూ నవ్వుతాను.) ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు. నాకు అక్షరాలు జుట్టు నెరిశాక వచ్చాయి. వచ్చాక ముందు రాయాల్సింది ఇదే అనిపించింది.

మా సేటుకు అబిడ్స్ సందులో అద్దాలు, పటాల దుకాణం. ఇల్లు నాంపల్లిలో. చెక్క చట్రాలు బిగించే పని ఇంటి వెనక షెడ్డులో జరిగేది. పొద్దున్నే తయారైన అద్దాన్ని దుకాణానికి చేర్చాలి. దానికొక పాత మోటార్‌సైకిల్ ఉండేది, ఎద్దంత బరువు. సేటేమో అగ్గిపుల్ల. ఆయన బండి మీద కూర్చుంటే బండి ఖాళీగా పోతున్నట్టే ఉండేది. నాంపల్లి నుంచి సీదాగా ఉన్న రోడ్డు మీద ఏళ్ల తరబడి పోయి వచ్చి, బండి వెనక టైరు నడిమి అరిగిపోయి చపాతీ పీటలా చదునైపోయింది. చదునైనదానికి ఒక గుణముంది. నిలబడమంటే నిలబడుతుంది, ఒరగమంటే మాత్రం మొండికేస్తుంది. మోటార్‌సైకిల్ ఒరగకపోతే తిరగదు. సీదాగా రైలులా పోయే ఆ బండి మొజంజాహీ మార్కెట్ దగ్గర మలుపు వచ్చేసరికి "నేను తిరగను, కావాలంటే మీరు దిగిపోండి" అన్నట్టుండేది. సేటు ఎంత గుంజుకున్నా జానెడు కూడా వంగేది కాదు. రెండుసార్లు తిన్నగా పండ్ల దుకాణంలోకే పోయాడట. మూడోసారి నన్ను పనిలో పెట్టుకున్నాడు.

పనిలో చేరిన రోజు సేటు నన్ను వెనక కూర్చోబెట్టుకుని అన్నీ వివరంగా చెప్పాడు. "ఇగో జూడు, నేను ఒరుగు అన్నప్పుడు ఒరగాలె. అనకపోతే ఒరగొద్దు. అబిడ్స్ దిక్కు అంటే అబిడ్స్ దిక్కే ఒరగాలె, నీ ఇష్టమొచ్చిన దిక్కు గాదు. సమజైందా?" సమజైంది. అద్దాన్ని బొంతలో చుట్టి నా వీపుకు తాళ్లతో కట్టేవారు, అద్దం మొహం మాత్రం బయటికి. (మొహం లోపలికి పెడితే చట్రం నాకు గుచ్చుకునేది. నా సౌకర్యం కోసం సేటు చేసిన మేలు అదొక్కటే.) మార్కెట్ దగ్గరికి రాగానే సేటు "ఒరుగూ!" అని కేక పెట్టేవాడు. నేను సీటు అంచు పట్టుకుని తీగ మీద ఆరేసిన దుప్పటిలా పక్కకు వేలాడేవాణ్ణి. సేటు కూడా తన అగ్గిపుల్ల ఒళ్లంతా వంచేవాడు. అప్పుడు గానీ ఆ బండి మూలుగుతూ, మాకేదో ఉపకారం చేస్తున్నట్టు, తిరిగేది కాదు. వెనక వచ్చే బస్సు డ్రైవర్లకు నా వీపు మీది అద్దంలో ఎదురుగా ఇంకో బస్సు వస్తున్నట్టు కనిపించేది. కొత్తవాళ్లు బ్రేకు వేసేవారు. పాతవాళ్లు మీసం సర్దుకునేవారు. మలుపులో దుకాణం పెట్టుకున్న పండ్లాయన మమ్మల్ని దూరం నుంచి చూసి, "ఓ తూకంరాయి వస్తుండు, గంపలు లోపటికి గుంజున్రి!" అని కేక పెట్టేవాడు. ఆ పేరే అబిడ్స్ అంతా పాకింది. సొంత పేరు మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

మా అమ్మ మాత్రం బస్తీలో అందరికీ "మావోడు అబిడ్స్‌ల నౌకరీ జేస్తుండు" అని చెప్పుకుని, ఆ మాట మీదే నాకొక సంబంధం కుదిర్చింది. ఏం నౌకరీ అని పిల్ల తరఫువాళ్లు అడగలేదు. అబిడ్స్ అంటే చాలు, లోపల మనిషి ఏం చేసినా మర్యాదే. నాకేమో పిల్ల నచ్చింది. నౌకరీ పోతే సంబంధమూ పోతుందని నాకు బాగా తెలుసు. అందుకని సేటు ఒరుగు అన్నదానికి రెండింతలు ఒరిగేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో టైరు లోపలి నూలు బయటపడింది. పంక్చర్లు వేసే ఉస్తాదు బండిని అటూ ఇటూ తిప్పి చూసి, "సేట్ సాబ్, గిది టైరు కాదు, చిరిగిన బనీను. దీనికి నేను మాటు ఎయ్య, దర్జీ దగ్గరికి తీస్కపోన్రి" అన్నాడు. సేటు ఇంకో ఏడాది లాగిద్దామని చూశాడు గానీ, సేటు భార్య ఊరుకోలేదు. ఆమెను నేను పెద్దమ్మ అనేవాణ్ణి. "ఏందయ్యా, నూలు మీద నడిచే బండి ఏడన్న ఉన్నదా? కొత్త టైర్లు ఏపిచ్చేదాక నీకు నా ఇంట్ల చాయ లేదు" అంది. సేటు చాయ లేకుండా ఒక పూట ఉన్నాడు. సాయంత్రానికి రెండు టైర్లూ కొత్తవి వచ్చాయి.

టైర్లు బిగించి ఉస్తాదు చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఇగ జూడున్రి సేట్ సాబ్, పాతది పీట, గిది గుండు. జర కన్ను తిప్పితే బండి తిరుగుతది. కొత్తది గద, మీద నున్నగ ఉంటది, గరుకు తేలేదాక మెల్లగ పోన్రి." అక్కడితో ఆపితే ఆయన సొమ్మేం పోయేది? ఆపలేదు. నన్ను కింది నుంచి మీదికి చూసి, "ఇగ ఈ మనిషితోని పనేముంది మీకు? ఉల్టా బరువు దండుగ" అన్నాడు. సేటు నావైపు చూశాడు. ఇన్నాళ్లూ దారికి అడ్డమున్న బీరువాను ఎక్కడ పడేద్దామా అని చూసేటట్టు. "ఔ, నిజమే" అన్నాడు. ఆ తర్వాత నాతో, "రేపైతే రా. సలూన్ అద్దం ఉన్నది, పెద్దది. ఎల్లుండి సంగతి ఎల్లుండి జూద్దాం" అన్నాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. (ఒక్క పూటే. నా ఉద్యోగమే బరువు గనక, తగ్గితే ఇంకా ముప్పు.) పొద్దున్నే పోయేసరికి పెద్దమ్మ వాకిట్లో టైర్లకు పసుపూ బొట్లూ పెట్టి, చేతిలో గిన్నెతో కూర్చుని ఉంది. గిన్నెలో పల్లినూనె. టైరుకు పైనుంచి కిందిదాకా నింపాదిగా పట్టిస్తోంది. "పెద్దమ్మా, ఏం జేస్తున్నవ్?" అంటే, "కొత్త పెంక తెస్తే నూనె రాయకుంట రొట్టె ఏస్తమా? అంటుకపోతది. గిది గూడ గంతే" అంది. ఆ తర్కానికి అడ్డం చెప్పే తెలివి నాకు లేదు. ఉన్నా ఆ ఇంట్లో చెప్పేవాడు లేడు. సేటు బయటికి వచ్చి, టైర్ల నిగనిగ చూసి మురిసి, బండి స్టార్టు చేసి గేరు వేశాడు. బండి కదల్లేదు. వెనక చక్రం మాత్రం బండ మీద గిర్రున తిరుగుతూ, పెద్దమ్మ చీర మీద, గోడ మీద, నా మొహం మీద నూనె చిమ్మింది. సేటు యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తిప్పాడు. బండి ముందుకు పోకుండా పక్కకు, ఎవరో అదృశ్యంగా నెడుతున్నట్టు, జరుగుతూ జరుగుతూ పోయి గోలెంలో ఉన్న తులసిని మెల్లగా ఆనుకుని ఆగింది.

"అంటుకుంటలేదు గద!" అంది పెద్దమ్మ, తన మాటే నెగ్గినట్టు.

"అంటుకోవాల్నే!" అని సేటు మొత్తుకున్నాడు. "అది రోడ్డును అంటుకోవాల్నే! రొట్టె గాదది!"

ఇక నూనె దిగాలి. నూనెకు మందు ఏమిటో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? కుంకుడుకాయలు కొట్టి, నురగ తీసి, రెండు టైర్లకూ తలంటు పోశాం. నేను రుద్దుతున్నాను, పెద్దమ్మ చెంబుతో నీళ్లు పోస్తోంది, సేటు అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కింటావిడ గోడ మీది నుంచి చూసి, "ఏంది వదినా, బండికేమన్న సంబంధం సూస్తున్నరా?" అని అడిగింది. నా సంబంధం గుర్తొచ్చి నేను టైరును ఇంకా గట్టిగా రుద్దాను.

టైర్లు ఎండలో ఆరాక, సలూన్ అద్దాన్ని నా వీపుకు కట్టారు. బయలుదేరాం. ఆహా, ఆ బండి పోవడం! రాళ్ల మీద నుంచి నీళ్ల మీదికి వచ్చినట్టుంది. సేటు కన్ను అటు తిప్పితే బండి అటు, ఇటు తిప్పితే ఇటు. స్టేషన్ ముందు ఆటోలను తప్పించుకుంటూ సేటు ఈల కూడా వేశాడు. ఆయన ఈల వేసినకొద్దీ నా నౌకరీ ఒక్కో అడుగు వెనక్కి పోతున్నట్టే ఉంది నాకు. మార్కెట్ గడియారం కనిపించింది. ఇదే చివరి మలుపు, నా బరువు విలువ ఏమిటో సేటుకు చూపించాల్సింది ఇక్కడే అనుకున్నాను. సేటు ఉస్తాదు మాట మరిచిపోయాడో, నాలుక అలవాటో, మలుపు రాగానే "అబిడ్స్ దిక్కు ఒరుగూ!" అని ఎప్పటి కేకే పెట్టాడు. తానూ ఒళ్లంతా వంచాడు. నేను పెళ్లిపిల్లను తలుచుకుని, ఉన్న బరువంతా ఆ పక్కకు పడేశాను.

పీటను వంచడానికి పట్టే జోరు గుండు మీద చూపిస్తే ఏమవుతుంది? బండి అబిడ్స్ దిక్కు తిరిగింది. అక్కడ ఆగకుండా ఇంకా తిరిగింది. మేం వచ్చిన నాంపల్లి దిక్కుకు తిరిగింది. వెనక వస్తున్న బస్సు డ్రైవరుకు ఇన్నాళ్లూ అద్దంలో ఎదురొచ్చిన బస్సు బదులు ఈసారి నిజంగానే మేమే ఎదురొచ్చాం. ఆయన బ్రేకు వేసి రెండు చేతులూ జోడించాడు. సేటు భయపడి ఇంకా గట్టిగా "ఒరుగు! ఒరుగు!" అంటున్నాడు. ఆయన ఉద్దేశం ఇటు కాదు, అటు అని. ఆ ముక్క కేకలో లేదు. నేను మాట వినే మనిషిని. ఒరిగాను. బండి పండ్ల దుకాణాల ముందు గుండ్రంగా తిరుగుతూనే ఉంది, గానుగెద్దులాగ. పండ్లాయన గంపలు లోపలికి లాగడం మానేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "సేటూ, గుడి సుట్టు తిరిగినట్టు తిరుగుతుండ్రు, మొక్కేమన్న ఉన్నదా?" అని అడిగాడు. చివరికి బండికే కళ్లు తిరిగినట్టుంది, పండ్లాయన పెట్టెల్లోంచి తీసి పారబోసిన గడ్డి కుప్ప మీద, అలిసిన బర్రె పడుకున్నంత మెల్లగా, పడుకుంది.

నేను గడ్డిలో బోర్లా పడ్డాను. వీపు మీద అద్దం ఆకాశం దిక్కు చూస్తోంది, ఒక్క పగులు లేదు. జనం మూగారు. "దెబ్బ తగిలిందా?" అని అడగడానికి వంగినవాళ్లు వంగినట్టే అద్దంలో తమ మొహం చూసుకుంటూ ఉండిపోయారు. ఎవరో జేబులోంచి దువ్వెన కూడా తీశాడు. గడ్డిలో మొహం పెట్టుకుని నేను వినగలిగిందల్లా దువ్వెన చప్పుడు. సేటు లేచి, ధోతి దులుపుకుని, "రేపటి సంది నువ్వు రాకు. నేనొక్కన్నే పోతా" అన్నాడు.

మర్నాడు నేను పోలేదు. మా అమ్మకు కడుపునొప్పి అని చెప్పి చాప మీద పడుకున్నాను. ఇక పిల్ల తరఫువాళ్లకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే, పొద్దెక్కేసరికి పెద్దమ్మే మా ఇంటికి నడిచి వచ్చింది. "లే బిడ్డా. మీ సేటు మళ్ల పడ్డడు" అంది.

సంగతేమిటంటే, ఒక్కడే పోయిన సేటు మలుపు దగ్గర వెనక ఎవరూ లేకపోయినా "ఒరుగూ!" అని కేక పెట్టి, తన కేకకు తానే ఒరిగి, అదే గడ్డి కుప్పలో అదే చోట పడ్డాడు. పండ్లాయనే లేపి, చాయ తాగించి, ఇంటికి పంపాడట. టైరు కొత్తదైంది గానీ సేటు నడుము పాతదే. ఏళ్ల తరబడి పీట మీద నేర్చుకున్న నడుము అది. బండికి మార్చినట్టు దానికి ఇంకొకటి బిగించే ఉస్తాదు నాంపల్లిలో లేడు.

పెద్దమ్మ ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి తీర్పు చెప్పింది. "వాడు నీ వెనక కూసుంటడు. నీ నడుము రెండు చేతుల పట్టుకుంటడు. నువ్వు ఒరిగితే ఒరగనియ్యడు. ఏరా బిడ్డా, అయితదా నీతోని?" అయితది అన్నాను. "జీతం?" అని సేటు గొణిగాడు. "జీతం గంతే" అంది ఆమె. ఆ రోజు నుంచి మార్కెట్ మలుపు రాగానే సేటు "ఒరుగూ!" అనేవాడు, నేను ఆయన నడుము బిగించి పట్టుకుని "సీదా!" అనేవాణ్ణి. బండి మా ఇద్దరి సంగతీ పట్టించుకోకుండా చక్కగా అబిడ్స్ దిక్కు తిరిగేది. అంతకుముందు ఒరిగినందుకు జీతం, ఆ తర్వాత ఒరగనందుకు. ఆ జీతం మీదే నా పెళ్లయింది. సేటు పెళ్లికి పెద్ద అద్దం ఇచ్చాడు. (తర్వాత ఆ టైరూ నడిమి అరిగింది, అప్పుడు మళ్లీ ఒరిగాం. అది వేరే సంగతి కాదు, అదే సంగతి.)

ఇప్పుడు సేటూ లేడు, పెద్దమ్మా లేదు. దుకాణం ఉన్నచోట ఫోన్లు అమ్ముతున్నారు. ఆదివారం ఆదివారం నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడటానికి పోతుంటాను. చదవడం ఆలస్యంగా వచ్చినవాడికి ఆకలి ఎక్కువ. మొన్న ఆదివారం నాంపల్లిలో బైక్ ట్యాక్సీ ఎక్కాను. నడిపే ఆమెకు నా కూతురి వయసు కూడా ఉండదు. మార్కెట్ మలుపు వచ్చింది. అంతే, నేను తీగ మీద దుప్పటిలా పక్కకు వేలాడుతున్నాను. బండి గభాలున ఒరిగింది. ఆమె ఎట్లాగో నిలబెట్టుకుని, "ఓ పెద్దాయనా! జర సీదా కూసోన్రి, ఇద్దరం పడ్తం!" అని కసిరింది.

"కొత్త టైర్లు ఏపిచ్చినవా బిడ్డా?" అన్నాను.

"ఔ, నిన్ననే. మీకెట్ల ఎర్క?"

"నా నడుముకు ఎర్కైంది" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, హెల్మెట్‌లోనే ఏదో నవ్వుకుంది. ఎదురుగా బట్టల దుకాణం అద్దంలో మా బండి కనిపించింది. వెనక సీటు మీద ఎవరో లావుపాటి ముసలాయన, పడబోయి ఆగినవాడిలా వెర్రి నవ్వు నవ్వుతున్నాడు. నేను సర్దుకుని సీదాగా కూర్చున్నాను, ఈసారి జీతం లేకుండానే. నడుము మాత్రం నా మాట వినకుండా, అబిడ్స్ దిక్కు జర ఒరిగే ఉంది.