చెల్లెలి గోళ్ల పసుపు

ఇప్పుడు మా క్రైస్తవ సంఘంలో ఎవరింట్లో పిల్లలకు ఆటలమ్మ పోసినా, గుమ్మానికి వేపమండ కట్టి, ఒంటికి పసుపు రాస్తారు. ఎవరూ ఏమీ అనరు. ఎప్పుడూ ఇలాగే ఉండేదని కుర్రవాళ్లు అనుకుంటున్నారు. మొన్న ఒకడు నాతోనే ఆ మాట అన్నాడు. ఉండేది కాదు. పంతొమ్మిది వందల ముప్పైల్లో ఆ పసుపు వల్లే మా చెల్లెలి పెళ్లి ఆగిపోబోయింది. చూసినవాళ్లు తగ్గిపోతున్నారు కనుక రాసి పెడుతున్నాను.

మాది మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఉన్న పల్లె. నేను ఐదో తరగతితో బడి మానేసి, ఏలూరులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరాను. తక్కిన చదువంతా అక్కడి గ్రంథాలయంలో నాకు నేను చెప్పుకున్నదే. ఒక బీరువా అయ్యాక ఇంకో బీరువా చదివాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

మా సంఘానికి నియమాలు చాలా ఉండేవి. బొట్టు, పువ్వు, పసుపు, నాటకం, చుట్ట కూడదు. ఆదివారం పొయ్యి రాజేయకూడదు. మిషను దొరలు పెట్టినవి కొన్ని, దొరలకు తెలియకుండా మా పెద్దలు కలిపినవి ఇంకొన్ని. తప్పినవాళ్లకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. సంఘం ముందు తప్పు ఒప్పుకునేదాకా గుమ్మం పక్కన విడిగా కూర్చోవాలి.

చెల్లెలికి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. వరుడు బడిలో మేష్టారు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడే లేచి చెప్పాలి. రెండు ప్రకటనలయ్యాక చెల్లెలికి ఆటలమ్మ పోసింది. జ్వరమని చెప్పి మూడోది ఆపించాం. నాయనమ్మ తలుపు వేసి, వేపాకూ పసుపూ నూరి రాసి, నీళ్లు పోసింది. మా ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఆవిడే. వేపమండ మాత్రం గుమ్మానికి కట్టకుండా మంచం కింద పెట్టింది.

పొక్కులు మాడాయి గాని, గోళ్ల మొదట్లో పసుపు ఎంత తోమినా పోలేదు. మూడో ప్రకటన నాటికి వరుడి తల్లి కూడా వచ్చి ఆడవాళ్ల చాపల మీద కూర్చుంది. పాదిరి అయ్యగారు చదవడం మొదలుపెట్టగానే మా సంఘ పెద్ద లేచాడు.

"ఆగండి అయ్యగారూ! ఆ పిల్ల గోళ్లు చూడండి. నలుగు పెట్టారు. గుట్టుగా పెళ్లికూతుర్ని చేసి తీసుకొచ్చారండి."

అన్యుల ఇళ్లలో పెళ్లికి ముందు పెట్టే పసుపు నలుగే ఆయనకు తోచింది. కాదనాలంటే ఆటలమ్మ సంగతి చెప్పాలి. అది చెబితే అమ్మవారికి మొక్కామంటారు.

నాయనమ్మ ఆలోచించలేదు. "నలుగూ లేదు గిలుగూ లేదు నాయనా. పిల్లకి ఆటలమ్మ పోసింది. నేనే రాశాను."

"అయితే అమ్మవారి పూజన్నమాట!"

నేను లేచాను. "పూజ కాదండీ, మందు. వైద్య గ్రంథాల్లో ఉంది. ఏలూరు గ్రంథాలయంలో నేను..."

"కూర్చోరా. ఆ గ్రంథాల్లో పది ఆజ్ఞలు లేవా? మిల్లులో బస్తాలు లెక్కపెట్టమంటే బోధకుడివై వచ్చావా?"

మగవాళ్లలో నలుగురు నవ్వారు. కూర్చున్నాను.

ఆయన కోరింది ఒకటే. చెల్లెలు లేచి, "అమ్మవారిని కొలిచాను, క్షమించండి" అనాలి. అంటే ఆ పూటే ప్రకటన చదువుతారు. అనకపోతే పెళ్లి లేదు.

"అనేయమ్మా, ఒక్క మాటేగా" అని నాన్న బతిమాలాడు.

చెల్లెలు లేచింది. ముఖం నిండా మచ్చలు. "నేను ప్రభువుకే ప్రార్థన చేసుకున్నానండి. దురద ఓర్చుకోలేక ఏడుస్తూ చేసుకున్నాను. అమ్మవారిని కొలిచానంటే అది అబద్ధమండి. గుడిలో నిలబడి అబద్ధమెలా ఆడమంటారు?"

అయ్యగారు చేతిలోని పుస్తకం మూశారు. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు వరుడి తల్లి లేచింది. "ఏవండీ పెద్దాయనగారూ, మా అబ్బాయికి ఆటలమ్మ పోస్తే నేనూ పసుపే రాశానండి, తలుపేసుకుని. మీ ఇంట్లో ఏం రాశారో చెప్పండి, తెలుసుకుంటాం."

ఆడవాళ్లలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. పెద్దాయన భార్య కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆయన అటు ఒక్కసారి చూశాడు గాని కూర్చోలేదు.

"ఎవరికి ప్రార్థన చేసిందో ఆ అమ్మాయి చెప్పింది. నేను అడగవలసింది అదొక్కటే" అని అయ్యగారు పుస్తకం తెరిచి మూడో ప్రకటన చదివారు. పెద్దాయన బయటికి వెళ్లిపోయాడు. పెళ్లికీ రాలేదు.

ఆయన వర్గం కోపం చల్లార్చడానికి నాయనమ్మను మాత్రం గుమ్మం పక్కన కూర్చోబెట్టారు. "ఇక్కడ గాలి బాగుందర్రా" అంది గాని తప్పు ఒప్పుకోలేదు. క్రిస్మస్‌నాడు అయ్యగారే రొట్టె పట్టుకుని గుమ్మం దాకా నడిచి వెళ్లారు. పెద్దాయన చూస్తూ ఊరుకున్నాడు. ఆ పసుపు నియమాన్ని ఎవరూ కొట్టేయలేదు. అడగడం మానేశారు, అంతే.

ఇంట్లోవాళ్లు పేర్లు రాయవద్దన్నారు గనుక, పేర్లు లేకుండానే వందనాలు చెబుతున్నాను. ఆ రొట్టె మోసిన అయ్యగారికి, నిండు గుడిలో నోరు విప్పిన చెల్లెలి అత్తగారికి, మూసే వేళయినా నన్ను లేవగొట్టని గ్రంథాలయం ఆయనకి, గుమ్మం పక్కన కూర్చున్న నాయనమ్మకి. ఇదంతా చెల్లెలికి చదివి వినిపించాను. తాను లేచి నిలబడ్డప్పుడు కాళ్లు వణికాయట. అది కూడా రాయమంది.