తాగకుండానే నా లివర్ దెబ్బతింది

ఆ రోజు కాశీబుగ్గ మార్కెట్లో చేపల గంప దించలేక కింద కూలబడ్డాను. కొన్ని వారాలుగా అన్నం చూస్తే వికారం, ఒళ్లంతా దురద. ఎండ దెబ్బ అనుకుంటూ వచ్చాను. పక్కన చేపలమ్మే అప్పలమ్మ నా మొహంలోకి చూసి, "కళ్లేటే అలాగ పచ్చగున్నాయి?" అంది.

మాది ఉద్దానంలో సముద్రపొడ్డు ఊరు. మా ఆయన వేటకు వెళ్తాడు, నేను చేపలు అమ్ముతాను. మా వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ, ఎవరు నీరసపడినా ముందు కిడ్నీలే గుర్తొస్తాయి. పలాసలో రక్తపరీక్ష చేయించాం. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ బాగుందనగానే మా ఆయన మొహం తేటపడింది. కానీ లివర్ సంగతి చెప్పే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ బాగా పెరిగి ఉన్నాయి.

"పసిరికలే గదా. పసరు తాగితే పోద్ది" అంది మా అత్త, మామూలు కామెర్లేనని తేల్చేసి.

తాగనన్నాను. ఏ ఆకు పిండారో తెలియనిది, దెబ్బతిన్న లివర్ మీద ఎందుకు పోయాలి? ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

విశాఖలో ఆసుపత్రికి వెళ్తే కుర్ర డాక్టర్ మొదట అడిగింది, "మందు తాగుతావా అమ్మా?" అనే. లేదన్నాను. మళ్లీ అడిగాడు.

"పదిసార్లు అడిగినా తాగను సార్. వేరే కారణం ఎతకండి" అన్నాను.

హెపటైటిస్ బి, సి రెండూ నెగెటివ్ వచ్చాయి. అప్పుడు పెద్ద డాక్టరమ్మ ఆటోఇమ్యూన్ పరీక్షలు, బయాప్సీ రాసింది. లివర్ ముక్క తీయడానికి పక్కటెముకల మధ్య సూది దిగినప్పుడు పళ్లు బిగబట్టాను. రిపోర్టు చూసి ఆవిడ ఇలా చెప్పింది: "నీ జబ్బు ఆటోఇమ్యూన్ హెపటైటిస్. క్రిముల మీద పోరాడాల్సిన టీ సెల్స్ నీ లివర్‌నే శత్రువనుకుని కొడుతున్నాయి. నువ్వు చేసిన తప్పేం లేదు."

ఆ చివరి మాట మా ఆయన్ని ఊళ్లో అందరికీ చెప్పమన్నాను. ఎందుకంటే అప్పటికే మా ఆడపడుచు, "తాగకపోతే లివరెలాగ పోద్ది?" అని అడిగేసింది.

స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి. కళ్లు తెల్లబడ్డాయి, ఆకలి తిరిగొచ్చింది. దాంతోపాటు మొహం ఉబ్బి గుండ్రంగా అయింది. అద్దంలో నన్ను నేను చూసుకోలేక ఏడ్చాను, నిజం. డాక్టరమ్మ నెమ్మదిగా డోసు తగ్గిస్తుంటే ఎస్‌జీపీటీ మళ్లీ ఎగబాకింది.

"మాత్తర్లే నిన్ను తినేత్తన్నాయి. మానీ" అంది అత్త.

"నన్ను తింటంది మాత్తర్లు కాదత్తా, జబ్బు. మానను."

డాక్టరమ్మ డోసు పెంచి, అజాథయోప్రిన్ అనే ఇంకో మాత్ర కలిపింది. ఆ మాత్రతో రక్తంలో తెల్ల కణాలు పడిపోవచ్చని, తరచూ రక్తపరీక్ష తప్పదని చెప్పింది. ఈసారి పరీక్షకు మాతో అత్త కూడా వచ్చింది. బస్సులో నా పక్కనే కూర్చుంది.

ఆ ఉబ్బిన మొహంతోనే మార్కెట్‌కు వెళ్లాను. ఒకాయన చేపల కేసి కాకుండా నా కేసి చూస్తూ, "మొకమేటి అలాగైపోయింది?" అన్నాడు.

"మాత్తర్లు మింగుతన్నాను బావా. సేప కావాలా, వద్దా?"

కొనుక్కుని వెళ్లాడు.

ఇప్పుడు ఎస్‌జీపీటీ మామూలుగా ఉంది. చిన్న డోసు రోజూ వేసుకుంటాను, అలసట వస్తే కూర్చుంటాను. జబ్బు పోలేదు, నేనూ పోలేదు. మీకు చెప్పేది ఒక్కటే. కామెర్లు వచ్చి, వైరస్ పరీక్షలు నెగెటివ్ వస్తే అక్కడితో ఊరుకోకండి. "ఆటోఇమ్యూన్ పరీక్ష చేయాలా?" అని అడగండి. డాక్టర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.