వచ్చే కూటానికి వాయిదా వేసిన ప్రశ్న

పోయినవి వరసగా చెబితే, మా ఊరి పాయ ఒడ్డున ఉండిన బురదమేట ఒకటి, దానిలోకి దిగే కాలిదారులు మూడు, ఆ బురదలో చేతులతో పీతలు పట్టి బతికిన ఆడవాళ్లు ఇరవై ముగ్గురి పని. మొన్న పంచాయతీ గోడకు మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు అంటించారు. ఊరి తరఫున ఏమడగాలో రాసిపెట్టమని కుర్రవాళ్లు వచ్చినప్పుడు, కలం పట్టకముందే ఈ లెక్క కళ్లముందుకు వచ్చింది.

చదువు అయిదో తరగతితో ఆగినా, వల కన్నులు లెక్కబెడుతూ లెక్కలు నేర్చుకున్నవాణ్ణి నేను. ముత్తుకూరు వైపు నుంచి రోడ్డు వేస్తూ పాయ ఒడ్డు పూడుస్తారన్న మాట నా కుర్రతనంలో వచ్చినప్పుడు, అధికారుల ముందు ఊరంతా ఒకే మాట చెప్పాలని, ఆ మాటేదో నన్నే కాగితం మీద పెట్టమన్నాడు ఊరి కట్టుబాట్లు నడిపే పెద్దకాపు అయిన మా పెదనాన్న. మూడు రోజులు తిరిగి పడవలన్నీ లెక్కబెట్టి, ఎంతో జాగ్రత్తగా రాశాననుకుని, పడవలకు దారి రోడ్డుకు ఉత్తరాన కావాలా దక్షిణాన కావాలా అని ఒక్క ప్రశ్న రాసుకుపోయాను.

కూటంలో మగవాళ్లు గంటసేపు వాదించుకున్నాక, పీతల బుట్ట చంకన పెట్టుకుని వెనక నిలబడిన మా మేనత్త నెమ్మదిగా అడిగింది.

"నీ కాయితంలో పడవలే ఉండాయి అబ్బయా. పడవ లేని మేం ఏ వరసలో ఉండాం?"

"పీతలకి దారెందుకక్కా, అవెట్లైనా అడ్డంగానే పోతాయి గదా" అన్నాడు మా బాబాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మీది వచ్చే కూటంలో పెడదాం అత్తా" అన్నాను.

అందరూ దక్షిణమే అనాలని పెదనాన్న దురాయి పెట్టాడు. దురాయి అంటే మా రేవుల్లో ఊరి కట్టుబాటు; అది పడ్డాక ఎదురు మాట్లాడిన ఇంటితో ఎవరూ కలవరు. అధికారులు వచ్చిన రోజున మేనత్త నోరు విప్పలేదు. ఊరంతా దక్షిణమన్నది, దక్షిణాన దారి వదిలి ఒడ్డంతా పూడ్చారు. అడిగినదే ఇచ్చారు గనుక తప్పుపట్టడానికి లేదు. పూడ్చడమే వద్దనడానికి నా ప్రశ్నలో చోటు లేదు. వచ్చే కూటమన్నది మళ్లీ జరగనే లేదు.

ఇప్పుడు ఆ పీతలు పట్టిన ఆడవాళ్ల కూతుళ్లు ఆటోలెక్కి రొయ్యల కంపెనీలో తలలు తీయడానికి పోతున్నారు. పోటు తీసిన వేళ పాయ ఒడ్డున మోకాటిలోతు బురదలో ఒకరినొకరు ఎకసెక్కాలాడుకునే ఆ గొంతులు నా ఈడువాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేవు.

ఈసారి కాగితం మీద మొదట ఆ ఇరవై ముగ్గురి పేర్లే రాశాను. మేనత్తతో కలిపి తొమ్మిది మంది ఇప్పుడు లేరు. లేనివాళ్ల పేర్లు కొట్టేద్దామన్నారు కుర్రవాళ్లు. వచ్చే కూటమని నేను మాటిచ్చింది అందరికీ. నేను చెప్పవలసిన జవాబులు, నేటికీ, ఇరవై మూడు.