రాని ఫైలుకు వేసిన ఆకు

నాచారంలోని ఆ రక్తపరీక్షల ల్యాబుకు దుర్గమ్మ సీసాలు కడిగే పనికని వచ్చింది. పదో తరగతి పాసైన మనిషి, చూసింది మరిచిపోదు. పదేళ్లు తిరిగేసరికి రిపోర్టులు తీసే గదిలో కుర్చీ ఆమెదే అయింది.

బోడుప్పల్, చర్లపల్లి, అన్నోజిగూడల్లో ఆ ల్యాబుకు చిన్న సెంటర్లుండేవి. నాలుగింటికల్లా ఒక్కో సెంటరు నుంచి ఆనాటి ఫలితాల ఫైలు మెయిల్లో వచ్చేది. దుర్గమ్మ మూడింటినీ ఒక ఫోల్డరులో పెట్టి, కంప్యూటరులో నల్ల తెర తెరిచి ఒక్క మాట కొడితే చాలు, రిపోర్టులన్నీ ప్రింటరులోంచి వరసగా వచ్చేవి. ఆ పని చేసే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు, రాసిపెట్టింది తేజేష్. కాకినాడ నుంచి వచ్చి ఉప్పల్లో ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

దానికున్న తెగులు ఒక్కటే. ఏ ఒక్క ఫైలు రాకపోయినా మొత్తం ఆగిపోయేది. 2009 వానాకాలంలో ఒకరోజు కరెంటు పోయి అన్నోజిగూడ ఫైలు రాలేదు. హాలు నిండా జనం. దుర్గమ్మ ఫోన్ చేస్తే, మీటింగులో ఉన్న తేజేష్ ఆ పేరుతో ఖాళీ ఫైలొకటి పెట్టెయ్యమన్నాడు. పెట్టింది. ‘అన్నీ పూర్తయ్యాయి’ అంది తెర. రాత్రి ఎప్పుడో వచ్చిన అసలు ఫైలు మెయిల్లోనే ఉండిపోయింది. తెర మాట నమ్మి ఎవరూ దాని జోలికి పోలేదు.

రెండు రోజులకు అన్నోజిగూడ నుంచి కావ్య వచ్చింది. ఎనిమిదో నెల. రిపోర్టుల కట్టంతా తిరగేసినా ఆమె రిపోర్టు లేదు.

“నిన్న గూడ ఒట్టి చేతుల్తోనే పోయిన అక్కా,” అంది కావ్య.

మెయిలు వెతికి ప్రింటు తీస్తే, ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగమే ఉన్నట్టు తేలింది. దుర్గమ్మే ఆటో ఎక్కించి దవాఖానాకు తీసుకెళ్లింది. తల్లికి, బిడ్డకు ముప్పు తప్పింది. కానీ ల్యాబు యజమాని డాక్టరు రామ్మోహనరావు గట్టిగానే చెప్పాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే చదువుకున్న ఆపరేటరును పెట్టుకుంటాడట. దుర్గమ్మ మళ్లీ సీసాల దగ్గరికే.

ఆదివారం తేజేష్ నొచ్చుకుంటూ వచ్చాడు. లేని ఫైలును చప్పుడు కాకుండా దాటేసేలా మార్చేస్తానన్నాడు. ఇక ఎర్రరే కనపడదట.

“కనపడకుంటెనే గద సారూ మొన్న మునిగింది,” అంది దుర్గమ్మ. “దావత్‌ల ఒక్కడు రాలేదని బంతి మొత్తానికి అన్నం ఆపుతమా? ఆపం. గట్లని వాని ఇస్తరాకు ఎత్తేస్తమా? గిలాస బోర్లిచ్చి పెడ్తం. వడ్డించేటోనికి ఎరుకైతది, ఒకడు రావాల్నని. నీ స్క్రిప్టు గూడ గట్లనే జెయ్యాలె.”

“మా ఆఫీసులో ఈ ముక్క ఇంత బాగా ఎవరూ చెప్పలేదండీ,” అని తేజేష్ కీబోర్డు దగ్గరికి లాక్కోబోయాడు. దుర్గమ్మ ఇవ్వలేదు. ఫైలు ఉందో లేదో ముందే అడిగే వాక్యం ఎలా ఉంటుందో నోట్‌బుక్కులో రాయించుకుని, వారం రోజులు కుస్తీ పట్టి తానే స్క్రిప్టులోకి ఎక్కించింది. తర్వాత కావాలనే ఒక్కో ఫైలూ దాచి నడిపి చూసింది. మూడూ దాచి కూడా చూసింది.

నెల తిరక్కముందే చర్లపల్లి ఫైలు రాలేదు. ఈసారి ప్రింటరు ఆగలేదు. మిగిలిన రెండు సెంటర్ల రిపోర్టులూ వచ్చేశాయి. తెర మీద చివరన, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: ‘చర్లపల్లి రాలేదు. ఆకు వేసి ఉంది. పని కాలేదు.’

చర్లపల్లి వాళ్లను కూర్చోమని చెప్పి దుర్గమ్మ సెంటరుకు ఫోన్ చేసింది. అక్కడి పోశయ్య పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బండి మీద వచ్చాడు. ఆరింటికల్లా ఆఖరి రిపోర్టు చేతికిచ్చి వెనక్కి తిరిగితే డాక్టరు నిలబడి ఉన్నాడు. తెర మీది వాక్యం రెండుసార్లు చదువుకున్నాడు. ఎవరు రాశారని అడిగాడు.

“నేనే సార్,” అంది.

కొత్త ఆపరేటరు ఊసు మళ్లీ రాలేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడు ల్యాబుకు కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు వచ్చారు. వాళ్లు రంగురంగుల తెరలు చూపిస్తుంటే, డాక్టరు వాళ్లను ఆపి దుర్గమ్మను పిలిపించాడు. ఆమె ఒప్పుకుంటేనే కొంటానన్నాడు.

దుర్గమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. “మస్తుగుంది గని సారూ, జర ఒక ఫైలు తీసేసి నడుపున్రి. ఏమంటదో సూస్త.”