రెండోది రేపు

మా వదిన ఒక చెవికే నగ చేస్తుంది. రెండో చెవి సంగతి ఎత్తితే "రేపు" అంటుంది.

ఆవిడ మా ఆయనకి అక్క. కింది వాటాలో ఆవిడా, దర్జీ పని చేసే వాళ్ళాయనా ఉంటారు, ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను. పై వాటా మాది. దారంతో కమ్మలు, జుంకాలు, లోలకులు అల్లడంలో వదిన చెయ్యి తిరిగిన మనిషి. సన్నటి దారపు ఉండ, ముక్కు వంకరగా ఉండే క్రోషియా సూది, ఒళ్ళో గుప్పెడు పూసలు. అంతే సరంజామా. మీతో మాట్లాడుతూనే, సూది వంక చూడకుండానే, ముందు ఒక పువ్వు దించుతుంది. పువ్వు కింద బుట్ట, బుట్ట అంచుకి పూసలు. చూసినవాళ్ళు "అబ్బ!" అంటారు. ఆ "అబ్బ" చెవిన పడగానే సూది కింద పెట్టేస్తుంది.

"మరి రెండోది?"

"రేపు."

ఆ రేపు వచ్చిన దాఖలా లేదు. వీధిలో పిల్లలు ఆవిడకి ఒంటికమ్మత్త అని పేరు పెట్టేశారు. ఆడవాళ్ళయితే ఫోటో అనగానే అందరూ ఒక్క పక్కకే తిరిగి నిలబడడం అలవాటు చేసుకున్నారు. తెలియనివాళ్ళు చూస్తే మా వీధి వాళ్ళందరికీ మెడ పట్టేసిందనుకుంటారు.

అన్నయ్యగారు ముందుగదిలో మిషను తొక్కుతూ అప్పుడప్పుడూ సణుగుతారు. "నేను చొక్కాకి ఒక చెయ్యి కుట్టి, రెండోది రేపు అంటే జనం ఊరుకుంటారుటే?"

"మీరు రెండు చేతులూ కుడుతూనే ఉన్నారుగా, మరి మీ గురించి వీధిలో ఎవరన్నా మాట్లాడుకుంటున్నారా?" అంటుంది వదిన.

ఆయన మళ్ళీ మిషను తొక్కుకుంటారు.

నిజానికి నగల్లోకి దిగకముందు ఆవిడ బల్లల మీదికి గుడ్డలు అల్లేది. బల్లకి చెవులుండవు కాబట్టి అప్పట్లో ఈ జబ్బు బయటపడలేదని నేననుకునేదాన్ని. మా ఆయన పోయిన ఏడాది బల్లలు మానేసి చెవుల మీద పడింది.

అల్లిన కమ్మ గట్టిపడాలంటే దేంట్లోనైనా ముంచి ఆరబెట్టాలి. జిగురు వాసన గిట్టదని మొదట్లో చిక్కటి పంచదార నీళ్ళలో ముంచేది. అన్నయ్యగారి గుండుసూదులన్నీ లాక్కుని, స్పాంజి మీద ఒక్కో రేకునీ సాగదీసి గుచ్చి ఎండలో పెట్టేది. అచ్చం గాజులా గట్టిపడేవి. అలాంటి కమ్మ ఒకటి లెక్కల టీచరు బడికి పెట్టుకెళ్ళింది. ఆవిడ బోర్డు మీద లెక్క వేస్తుంటే వెనక పిల్లలు ఒకటే నవ్వు. తిరిగి చూస్తే చీమలు, భుజం మీంచి చెవి దాకా బారు కట్టి వస్తున్నాయట. సాయంత్రం ఆవిడ చెవి ఎర్రగా చేసుకుని వచ్చింది.

"ఇదేం నగండీ! చీమలు పట్టేశాయి."

"ఎన్ని చెవులకి?"

"ఒక చెవికే."

"చూశావా మరి? తొందరపడి రెండోది కూడా ఇచ్చేసి ఉంటే రెండు చెవులకీ పట్టేవి" అంది వదిన. టీచరు కాసేపు నిలబడి ఆలోచించి, "అవుననుకోండి" అని వెళ్ళిపోయింది. లెక్కలు చెప్పే మనిషి! మర్నాటి నుంచి వదిన జిగురు నీళ్ళలోకి మారింది.

ఈ ఒంటికమ్మ గొడవ నా మెడకెలా చుట్టుకుందో చెప్పాలి.

ఆయన పోయాక పై వాటా తలుపు వేసుకుని కూర్చున్నాను. వండుకుంటే వండుకున్నట్టు, లేకపోతే లేనట్టు. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నచోటే ఉండేవి, వాటి చుట్టూ తుడిచేదాన్ని. వేరే ఊళ్ళో ఉండే మా సొంత అన్నయ్య ఫోన్ చేసి, "ఒక్కదానివీ అక్కడేం చేస్తావు, మా ఇంటికి వచ్చెయ్యి" అనేవాడు. నాకోసం మంచం కూడా వేశారట, హాల్లో టీవీ వెనక. ఎక్కడైనా ఒకటేలే అనిపించి సరేనన్నాను. పెట్టె సర్దుకుని, కిందికెళ్ళి వదినతో చెప్పాను.

"వెళ్ళు" అంది. సూది మీంచి తల కూడా ఎత్తలేదు.

ఉండమంటే ఉండేదాన్నని కాదు. కానీ ఒక్క మాటైనా అనకపోయేసరికి చురుక్కుమంది. పైకొచ్చి ఇంకో రెండు చీరలు పెట్టెలో కుక్కాను. అప్పుడే తలుపు చప్పుడైంది.

తీస్తే బ్యాంకులో పనిచేసే అమ్మాయి. ఒక చెవికి ఎర్ర జుంకా ఊగుతోంది, రెండో చెవి బోసిగా ఉంది.

"ఆంటీ, రెండోది మీరు చేస్తారటగా?"

"నేనా?"

"ఒంటికమ్మత్త చెప్పారు. మా మరదలి చెయ్యి నాకంటే సన్నం, పైకెళ్ళి అడుగు అన్నారు."

గబగబా కిందికి దిగాను. "వదినా, నాకు సూది పట్టుకోవడమే రాదు కదా!"

"రాదని నాకు తెలుసు. ఆ పిల్లకి తెలీదుగా. ఇప్పుడు లేదంటే మనింటి పరువేం కావాలి? కూర్చో."

కూర్చున్నాను. గొలుసు వెయ్యమంది, వేశాను. గుండ్రంగా కలపమంది, కలిపాను. విప్పమంది, విప్పాను. అలా అల్లుతూ విప్పుతూ ఆ దారం నలిగి నా చీర కొంగులా తయారయింది. చివరికి జుంకా అనే పేరుతో ఒకటి తేలింది. అది బుట్టలా లేదు, పువ్వులా లేదు. ఎవరో కూర్చుని లేచిన దిండులా ఉంది. వదిన దాన్ని వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

"బావుంది. ఆ పిల్ల ఎడమ చెవి కూడా కాస్త ఇలాగే ఉంటుంది."

మిషను దగ్గర అన్నయ్యగారికి దగ్గొచ్చింది.

బ్యాంకమ్మాయి మంచిది. పెట్టుకుని అద్దంలో చూసుకుని, "జుట్టు ఇటు వేసుకుంటే కనపడదులెండి" అంది. కానీ ఆ పిల్ల వెంటనే వెళ్ళలేదు. మేనేజరు గురించి మొదలుపెట్టింది. ఆయన కునుకు తీస్తూ సంతకాలు పెడతాడట. వింటూ వింటూ టీ పెట్టాను. మా ఆయన పోయాక పొయ్యి మీద రెండు కప్పుల టీ మరగడం అదే మొదలు.

అప్పటి నుంచి ఇంక వరస. పొద్దునే ఒకావిడ, మధ్యాహ్నం ఒకావిడ, ఒక చెవితో మెట్లెక్కి వచ్చేవాళ్ళు. అల్లేదాకా కూర్చోవాలి కదా. కూర్చుంటే టీ ఇవ్వాలి. టీ ఇచ్చాక మాట్లాడకుండా మొహం చూస్తూ కూర్చుంటే బావుండదు. ఎవరి కోడలు ఏమందో, ఎవరాయన గురక ఎంత దూరం వినిపిస్తుందో అన్నీ నా గుమ్మంలోకే వచ్చేవి. ఫోటోలకి మాత్రం అందరూ ఇంకా ఆ పక్కకే తిరిగేవాళ్ళు. ఇప్పుడు బోసి చెవిని కాదు, నా పనితనాన్ని దాచుకోవడానికి.

"ఈ ఆదివారం బయల్దేరతాను వదినా" అనేదాన్ని.

"వెళ్ళు, వెళ్ళు. టీచరుదొక్కటీ అయ్యాక."

టీచరుది అయ్యేసరికి టీచరు ఆడపడుచుది వచ్చి కూర్చునేది.

మా అన్నయ్య ఫోన్లో విసుక్కునేవాడు. "ఇంకా ఎప్పుడొస్తావు?"

"ఒక చెవి మిగిలింది అన్నయ్యా."

"ఏం మిగిలింది?"

"చెవి."

వాడు ఫోన్ వాళ్ళావిడకిచ్చి, "నువ్వే మాట్లాడు, దీనికి మతి పోయినట్టుంది" అనడం నాకు వినపడింది.

అలా ఉండగా డాన్సు నేర్పే ఆవిడ పెద్ద బేరం తెచ్చింది. పిల్లలంతా స్టేజీ ఎక్కాలి, అందరికీ ఒకే రకం నీలం జుంకాలు. వదిన అందరి కుడి చెవులకీ టకటకా అల్లేసి, మణికట్టు పట్టుకుని, "అబ్బా, నరం పట్టేసిందే!" అంది.

డాన్సావిడ మొహం పాలిపోయింది. "పిల్లలు ఒక చెవితో ఆడితే తల్లులు నన్ను బతకనివ్వరండీ."

"మా మరదలుందిగా."

"ఆవిడ ఊరెళ్ళిపోతోందన్నారు?"

వదిన నా వంక చూడలేదు. దారం ఉండ వంకే చూస్తూ, "దాన్నే అడగండి" అంది, గొంతు తగ్గించి. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

"ఇవి అయ్యాకే వెళ్తాను" అన్నాను. ఈసారి మాత్రం తప్పకుండా, ఇవి అవగానే బండెక్కాలని గట్టిగా అనుకున్నాను.

తలుపు బార్లా తెరుచుకుని, ఆ వెలుతురులో కూర్చుని అల్లాను. చెయ్యి కుదురుకుంది. దిండ్లు పోయి బుట్టలు రాసాగాయి. ఆఖరి జుంకా సగంలో ఉండగా నీలం దారం అయిపోయింది. కిందికెళ్తే వదిన లేదు. అన్నయ్యగారు చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నారు.

"నీలం దారం ఎక్కడుంటుంది అన్నయ్యగారూ?"

"ఆ బొత్తాల డబ్బా వెనకాల చూడమ్మా. డబ్బా మాత్రం తియ్యకు, మీ వదిన ఊరుకోదు."

డబ్బా జరపకుండా దాని వెనక ఉన్న దారం ఎలా వస్తుంది? జరిపాను. మూత ఊడి పడింది. లోపల ఒక్క బొత్తాం లేదు. అన్నీ కమ్మలే. బ్యాంకమ్మాయి ఎర్ర జుంకాకి జత. టీచరు కమ్మకి జత, ఇంకా నాలుగు చీమలు అంటుకుని ఉన్నాయి. వీధిలో ఏ చెవికి ఏది తక్కువైందో అదంతా ఆ డబ్బాలోనే ఉంది. అన్నిటికంటే పైన డాన్సు పిల్లల ఎడమ చెవులవి, నీలంవి, అందరివీ. మొదటివాటితో పోల్చి చూస్తే పూస కూడా తేడా లేదు.

నేను అన్నయ్యగారి వంక చూశాను. ఆయన ఇస్త్రీ పెట్టె వంక చూశారు.

"నాకేం తెలీదు చెల్లెమ్మా. ఆ డబ్బాలో ఉన్నవి బొత్తాలని నాతో ఒట్టు వేయించింది."

"మరి నరం పట్టేసిందని..."

"ఉండమని నోరారా అడగడం దానికి రాదమ్మా. తమ్ముడు నిన్ను తీసుకుని ఈ పై వాటాలోకి వచ్చిన రోజున కూడా అంతే, 'ఎందుకొచ్చార్రా' అంటూ పెద్ద పరుపు తనే మోసుకెళ్ళి పైన వేసింది."

ఇస్త్రీ పెట్టె కింద కాలరు కాస్త మాడిన వాసన వచ్చింది. ఇద్దరం దాని గురించే మాట్లాడుకున్నాం.

మూత పెట్టేశాను. దారం మాత్రం తీసుకుని పైకెళ్ళి ఆఖరి జుంకా పూర్తి చేశాను. పిల్లలు స్టేజీ మీద నేను అల్లినవే పెట్టుకుని ఆడారు. దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపించాయని డాన్సావిడ చెప్పింది. దగ్గర్నుంచి ఎలా ఉన్నాయని వదిన అడగనివ్వలేదు.

మర్నాడు వదిన మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి, పెట్టె ఎక్కడుందా అని కళ్ళతో వెతికింది. పెట్టె ఖాళీ చేసి దారపు ఉండలు పోశాను, అది మంచం కిందికి పోయింది. ఆవిడకి కనపడలేదు.

"ఎన్నింటికి నీ బండి?" అంది.

"ముందు ఇలా కూర్చోండి."

నేను అల్లిన ఆకుపచ్చ జుంకా తీసి ఆవిడ చెవికి పెట్టాను. ఇంతమంది చెవులు నింపిన మనిషి, తనకి మాత్రం ఎప్పుడూ ఒక్కటి చేసుకోలేదు. అద్దం తెచ్చి చూపించాను. తల ఊపుకుంటూ చాలాసేపు చూసుకుంది. ఆ తర్వాత రెండో చెవి తడుముకుంది.

"మరి రెండోది?"

"రేపు" అన్నాను. "నరం పట్టేసింది వదినా."

ఆవిడ నా మొహం వంక చూసింది. ఒకసారి నేల వంక చూసింది. కింద ఉన్న మొగుడి వంకే చూస్తున్నట్టుగా, గట్టిగా. కింద మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఇదిగో పిల్లా" అంది చివరికి, లేచి కొంగు దులుపుకుని. "ఇలా సగం సగం పనులు చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట!"

ఆ ఒక్క జుంకాతోనే బజారుకెళ్ళింది. వీధి పొడుగునా కనపడిన ప్రతివాళ్ళకీ ఆ పక్కే తిప్పి చూపించిందట.